ఆ దరఖాస్తు మీద సంతకం ఎవరిది?

కోపం వస్తే "దీన్ని ఎర్రగడ్డకు పంపాలి" అనడం మన ఇళ్ళలో మామూలే. కోస్తాలో అయితే చినవాల్తేరు పేరు చెబుతారు. అన్నవారు సాయంత్రానికి మరచిపోతారు. కానీ ఆ మాట నిజంగా అమలైన ఇల్లు ఒకటి మాకు తెలుసు. భర్తతో పడక, ఖులా కావాలని పట్టుబట్టిన ఒక చెల్లెమ్మను భర్తా, సొంత అన్నా కలిసి ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో చేర్పించారు. పద్దెనిమిది రోజుల తరువాత బయటికి వచ్చిన ఆమె, చేర్చుకున్న డాక్టరుపై ఫిర్యాదు చేస్తానంటోంది. పెద్దలు మాత్రం "సబర్ చెయ్ బేటీ, ఖాందాన్ పరువు బజారున పడుతుంది" అంటున్నారు.

ఫిర్యాదు చేయాలనే మా అభిప్రాయం. అన్యాయాన్ని దాచడానికి సబర్‌ను అడ్డం పెట్టుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సమాజపు నీతికీ, కట్టుబాట్లకూ, మత విశ్వాసాలకూ భిన్నంగా నడిచినంత మాత్రాన ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదు. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు మరొక డాక్టరో మానసిక వైద్య నిపుణుడో, ఇద్దరూ వేర్వేరుగా, అదే రోజు లేదా అంతకు ముందు ఏడు రోజుల్లో స్వయంగా పరీక్షించి ఉండాలి. తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి, లేదా తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే పరిస్థితి కనిపించాలి. స్త్రీని చేర్చుకుంటే మూడు రోజుల్లో రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. రోగిని చూడకుండా, ఇంటివారి మాట మీదే కాగితం రాసిన డాక్టరు జవాబు చెప్పుకోవలసిందే.

లోపల ఉన్నవారిని బయటికి తీసుకురావడానికి రివ్యూ బోర్డు ఉంది. డాక్టరు నడవడికపై విచారణకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది. ఆయన పేరును రిజిస్టరు నుండి కొంతకాలం గానీ శాశ్వతంగా గానీ తొలగించే అధికారం దానిది. నష్టపరిహారం మాత్రం అక్కడ దొరకదు, దానికి వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. ముందు కేస్ షీటు అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఫిర్యాదులో తిట్లు వద్దు. ఏ రోజు, ఏ వేళ, ఎవరు పరీక్షించారు, ఎంతసేపు, ఏం అడిగారు అన్నది చాలు.

డాక్టర్లంతా ఇలాంటివారని మేము అనడం లేదు. నిజమైన జబ్బుకు వైద్యం అందక మన బిడ్డలు గొలుసుల్లో మగ్గడమూ చూశాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంటే, కట్టివేసి ఉన్న 28 మంది చనిపోయారు. వారిని అక్కడ వదిలివచ్చింది డాక్టర్లు కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కేస్ షీటు తెరవగానే మొదటి కాగితం చేర్చుకోమన్న దరఖాస్తు. దాని కింద అన్నగారి సంతకం ఉంటుంది. పెద్దల భయం డాక్టరు గురించి కాదని మాకు అర్థమైంది. అయితే ఆ అన్నే ముందుకు వచ్చి, ఆ రోజు తాను డాక్టరుకు ఏం చెప్పాడో, డాక్టరు చెల్లెలిని చూశాడో లేదో కౌన్సిల్ ముందు చెబితే, అంతకు మించిన గవాహీ ఆమెకు దొరకదు. ఈ జుమా తరువాత ఆయనను కలిసి ఆ మాటే అడగబోతున్నాం.