నాన్న నౌకరి

మా గోదావరిఖనిలో నలుగురు ఆడవాళ్లం కలిస్తే డిపెండెంట్ ఉద్యోగం ముచ్చట రాక మానదు. "అన్న అన్‌ఫిట్ అయితే పిలగానికి నౌకరి వస్తది గద వదినా" అంటారు. మొన్న మావాణ్ణి చదువుకోరా అంటే, "ఎందుకమ్మా, డాడీ నౌకరి నాకే గద" అన్నాడు.

వాళ్ల నాన్న నైట్ షిఫ్టుకు పోయాక బైబిల్లో రాజుల గ్రంథం తీశాను. దావీదు ముసలివాడై, ఎన్ని దుప్పట్లు కప్పినా వెచ్చబడక మంచాన ఉన్నాడు. కొడుకు అదోనీయా అప్పుడే నేనే రాజునని రథాలు, ముందు పరుగెత్తడానికి 50 మందిని పెట్టుకున్నాడు. తండ్రి అతన్ని ఏనాడూ నిలదీయలేదని కూడా అక్కడే ఉంది. గొల్యాతును కొట్టినవాడు కన్నకొడుకును ఒక్క మాట అనలేకపోయాడు.

సింహాసనం వారసత్వంగా వస్తుంది, బుద్ధి రాదు. మంచి రాజు హిజ్కియా కొడుకు మనష్షే 55 ఏళ్లు ఏలి, తండ్రి కూల్చిన విగ్రహాల గుళ్లే మళ్లీ కట్టాడు.

నేనూ మావాణ్ణి నిలదీయలేదు. ఆ నౌకరి రావాలంటే ముందు నాన్న ఒళ్లు చెడాలి కదరా అని తెల్లారి అడిగాను. వాడు తల దించుకున్నాడు. ఈ మాట పిల్లలకు మనమే చెప్పాలి, అక్కలారా.