గాలి లెక్క ‘కీ’లో ఉండదు

"బ్రో, ఎంత పీఎస్ఐ పెట్టాలి?"

స్పోర్ట్స్ కారుతో మొదటిసారి ఆటోక్రాస్‌కి వెళ్లే ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇది. అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ పాత మియాటా కొనుక్కున్న మన సీనియర్ అయినా, ఫార్ములా స్టూడెంట్ టీమ్‌లో చేరిన మన క్లాస్‌మేట్ అయినా అడిగేది ఇదే. అడగడం తప్పు కాదు. కానీ ఎవరో ఒక నంబర్ చెప్పగానే అక్కడితో ఆగిపోతున్నాం చూశారా, నా అభ్యంతరం దాని మీదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పేర్చి ఒక వంకరటింకర దారి గీస్తారు. కార్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. కోన్ పడిపోతే 2 సెకన్లు అదనంగా కలుపుతారు. అమెరికాలో ఎస్‌సీసీఏ క్లబ్ దీన్ని ‘సోలో’ పేరుతో నడుపుతుంది. మన దేశంలో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌లోనూ ఆటోక్రాస్ ఒక ఈవెంట్. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో రేస్ ట్రాక్ లేదు, నిజమే. కానీ గాలి లెక్క మనకి కొత్త కాదు. ట్రాక్టర్ టైర్‌కి పొలంలో ఒక గాలి, లోడు ట్రక్కు తగిలించి రోడ్డెక్కితే ఇంకో గాలి. సూర్యలంక ఇసుకలో జీపు దిగబడితే టైర్లలో గాలి తీసి బయటికి తెస్తారు. నేల మారితే, బరువు మారితే లెక్క మారుతుందని మన ఊళ్లో ట్రాక్టర్ తోలేవాళ్లకి తెలుసు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివే మనమే ఒక్క నంబర్ కోసం వెతుకుతాం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్‌తో. 1990ల నాటి మియాటాకి కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ. బండి బరువు దాదాపు టన్నే కాబట్టి అది సరిపోతుంది. అదే నంబర్ మీ నాన్నగారి కారుకి పెడితే టైర్ పాడవుతుంది. మామూలు రోడ్డు టైర్లతో వెళ్తుంటే స్టిక్కర్ మీద రెండు మూడు పీఎస్ఐ పెంచి మొదలుపెట్టడం మంచిది. టైర్ గోడ మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ మాత్రం ఎప్పుడూ దాటకూడదు.

తర్వాత చాక్‌పీస్ తీసుకోండి. టైర్ అంచు నుంచి పక్క గోడ మీదికి నాలుగైదు గీతలు గీసి ఒక రన్ వెళ్లి రండి. చాలా టైర్లకి అంచు దగ్గర చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. చాక్ ఆ గుర్తు దాటి పక్క గోడ మీద కూడా చెరిగిపోతే, మలుపులో టైర్ ఒరిగిపోతోందని అర్థం. 2 పీఎస్ఐ పెంచండి. ట్రెడ్ అంచు మీద కూడా చాక్ చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైనట్టు. తగ్గించండి. ఒకసారి ముందు టైర్లు మార్చండి, ఇంకోసారి వెనకవి. రెండూ కలిపి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. కొలిచే గేజ్ మాత్రం ఒక్కటే ఉండాలి. పంక్చర్ షాపు గేజ్‌కీ మీ గేజ్‌కీ రెండు పాయింట్లు తేడా ఉన్నా పర్లేదు గానీ, ఉదయం ఒకదానితో, మధ్యాహ్నం ఇంకోదానితో కొలిస్తే ఆ రీడింగులకి అర్థం లేదు.

ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోవాలి. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పెట్టారు. నాలుగు రన్‌ల తర్వాత లోపలి గాలి 60 డిగ్రీలకి చేరిందనుకుందాం. ఉష్ణోగ్రత రెట్టింపైంది కాబట్టి ప్రెషర్ 64 అనకండి. లెక్క కెల్విన్‌లో చేయాలి: 303 నుంచి 333. గేజ్ చూపించేది వాతావరణ పీడనం తీసేసిన విలువ కాబట్టి 14.7 కలపాలి. 46.7ని 333తో గుణించి 303తో భాగిస్తే 51.3 వస్తుంది. మళ్లీ 14.7 తీసేస్తే గేజ్ మీద 36.6. ఒక్క చుక్క గాలి కొట్టకుండానే నాలుగున్నర పీఎస్ఐ పెరిగింది. అందుకే "సీనియర్ 32 అన్నాడు" అన్న మాట అసంపూర్ణం. చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా? ఏ టైర్‌కి? ఏ ఎండలో?

సీనియర్ మాట వింటే టైమ్ కలిసొస్తుంది కదా అనొచ్చు. వినండి, అది మొదటి రీడింగ్‌గా పనికొస్తుంది. తర్వాతి రీడింగులు మీవే కావాలి. అసలు గొడవంతా అక్కడే ఉంది. ల్యాబ్‌లో మనం ఏం చేస్తున్నాం? ముందు గ్రాఫ్ గీసి, దానికి సరిపోయే రీడింగులు తర్వాత నింపుతున్నాం. పాత బ్యాచ్ రికార్డు చేతికొస్తే ప్రయోగం చేసే పనే లేదు. ఎక్స్‌టర్నల్ కూడా సంతకం పెట్టి పంపిస్తారు. టైర్ అలా సంతకం పెట్టదు. మీరు రాసిన రీడింగ్ అబద్ధమైతే మూడో మలుపులో కోన్ పడిపోతుంది.

ఆటోక్రాస్‌లో అయితే పోయేది 2 సెకన్లు. రోడ్డు మీద అలా కాదు. పై ఉదాహరణలో వేడి మీద 36.6 చూసి, గాలి తీసి 32కి తెచ్చారనుకోండి. టైర్ చల్లారాక మిగిలేది 27.8. అలాగే హైవే ఎక్కితే టైర్ ఎక్కువగా నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది. "ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించు, లేకపోతే పేలుద్ది" అని మనవైపు చెప్పే మాట కూడా ఇలాంటిదే. వేడికి ప్రెషర్ పెరుగుతుందని తెలిసే కంపెనీ ఆ నంబర్ ఇస్తుంది. తగ్గించినందువల్లే పేలే ప్రమాదం ఎక్కువ. పోటీ అయ్యాక, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ స్టిక్కర్ నంబర్‌కి తేవాలి.

కాబట్టి మొదటి ఆటోక్రాస్‌కి వెళ్లేవాళ్లు గెలుపు సంగతి పక్కనపెట్టి, ఒక గేజ్, ఒక చాక్‌పీస్, ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ప్రతి రన్‌కి ముందూ తర్వాతా నాలుగు టైర్ల ప్రెషర్, ఎండ ఎంతుందో, ఎంత టైమ్ పట్టిందో రాయండి. నంబర్లు వింతగా వచ్చినా కొట్టేయకండి. సాయంత్రానికి మీ దగ్గరుండే ఆ ఒక్క పేజీ ఎవరి రికార్డులోంచీ ఎక్కించింది కాదు. వచ్చే ఏడు జూనియర్ ఫోన్ చేసి "అన్నా, ఎంత పెట్టాలి?" అంటే, నంబర్‌తో పాటు ఆ పేజీ కూడా ఫొటో తీసి పంపండి.