ఓవెను కిరణములును, ఆవిరి బొబ్బలును

మార్చి నెల నడుమ ఒంటిపూట బడులు మొదలగును. మన ప్రత్తిపాడు ప్రాంతపు చేలలో మిరపకాయల కోత సాగునదియు ఆ దినములలోనే. తల్లిదండ్రులు తెల్లవారకమునుపే చేనికి పోవుదురు. బాలుడు మధ్యాహ్నమునకు ఇల్లు చేరి, తాళము తీసి, ఫ్రిజ్జులోని అన్నమును కూరను మైక్రోవేవ్ ఓవెనులో పెట్టి మీట నొక్కును. చెంత పెద్దవారెవ్వరును ఉండరు. ఒకప్పుడు పట్టణపు ధనికుల ఇండ్లలో మాత్రమే కానవచ్చిన ఈ సాధనము, విదేశములలోనున్న బిడ్డలు కొనియిచ్చుటవలన నేమి, వాయిదాలమీద దొరకుటవలన నేమి, నేడు మన వీథులలోని గృహములలోనికిని వచ్చియున్నది. కావున దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుట అనుచితము కాదని తలచెదను.

కడచిన సంవత్సరము ఒక విద్యార్థి తల్లి నాతో, "టీచరుగారూ, అది తిరిగేటప్పుడు దగ్గర నిలబడవద్దని మావాడికి చెప్పానండీ, దాని కిరణాలు మంచివి కావంట" అనెను. ప్రక్కనే నిలిచియున్న ఆ బాలుని మణికట్టుమీద బొబ్బ మానిన మచ్చ యొకటి కనబడినది. అదేమని యడుగగా, కూరగిన్నె మూత తీయుచుండగా ఆవిరి కొట్టినదని చెప్పినాడు. ఆ తల్లి కంటికి కనబడని కిరణములకు జడిసినది గాని, కొడుకు చేయి కాల్చిన ఆవిరికి జడియలేదు. ఆమె యొక్కతెయే కాదు, చదువుకొన్నవారమైన మనలోను చాలమంది ఇట్లే యున్నాము. జడియవలసినది విడిచి, జడియనక్కరలేనిదానికి జడియుచున్నామని నా యభిప్రాయము.

ఆ కిరణములు రేడియో తరంగముల జాతికి చెందినవే. ఇండ్లలోని వైఫై పెట్టెలు పంపునవియు ఇంచుమించు ఇట్టి తరంగములే. బలమున మాత్రము మిక్కిలి భేదము కలదు. ఇవి సెకనునకు 245 కోట్ల పర్యాయములు కంపించుచు, ఆహారములోని నీటి యణువులను కదలించి వేడిని పుట్టించును. ఎక్స్‌రేలవలె అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టు శక్తి వీనికి లేదు. దీపమార్పగానే వెలుతురు పోయినట్లు, మీట కట్టగానే ఇవియు పోవును, అన్నములో నిలిచియుండవు. తలుపు అద్దమునందలి జల్లెడవంటి రేకును విద్యార్థులు చూచియుందురు. దాని రంధ్రములు బహు చిన్నవి. తరంగము నిడివియో 12 సెంటీమీటర్లు. కావున వెలుతురు బయటికి వచ్చును గాని తరంగము రాజాలదు. అమెరికా దేశమున 1971లో ఏర్పడిన నిబంధన ప్రకారము, ఓవెనుకు 5 సెంటీమీటర్ల దూరమున చదరపు సెంటీమీటరునకు 5 మిల్లీవాట్లకు మించి తరంగశక్తి వెలువడరాదు. తలుపు వంగినను, కీలు సడలినను, అద్దము పగిలినను ఆ ఓవెనును వాడరాదు. కిరణములకు భయపడదగిన సందర్భము అదియే.

రాడారు యంత్రములకై మాగ్నెట్రానులు తయారుచేయు పనిలోనుండిన పెర్సీ స్పెన్సరు, 1945 ప్రాంతమున తన జేబులోని తినుబండారము కరగుట గమనించి ఈ మార్గము కనుగొనెనని చెప్పుదురు. ఆయన బడి చదువైనను పూర్తి చేసినవాడు కాడు. 1947లో వెలువడిన మొదటి ఓవెను మనిషి యెత్తుండి, 340 కిలోల బరువు తూగినది!

ఇక నా స్వానుభవము. ఒక రాత్రి కాఫీకై నున్నని గాజుకప్పులో నీరు పెట్టితిని. మూడు నిమిషములైనను బుడగ యొక్కటియు లేదు. ఇంకను కాగలేదని తలచి కప్పు బయటికి తీసి కాఫీపొడి వేసితిని. తోడనే నీరంతయు బుస్సున పొంగి చేతిమీద పడినది. నునుపైన పాత్రలో బుడగ పుట్టుటకు ఆధారము లేనందున, నీరు 100 డిగ్రీలు దాటియు మరగక ఊరకుండును. కప్పు కదలినను, పొడి పడినను, చెంచా తగిలినను ఒక్కసారిగా ఎగజిమ్మును. సామాన్యశాస్త్రము చెప్పు నాకే ఆ క్షణమున ఇది తోచలేదు. నాటినుండి కప్పులో కొయ్య చెంచా వేసియే పెట్టుచున్నాను. మీట కట్టిన పిమ్మట ఒక నిమిషమాగి గాని ముట్టను.

కోడిగ్రుడ్డు సంగతియు ఇట్టిదే. పెంకుతో పెట్టినచో ఆవిరికి దారిలేక ప్రేలును. ఉడికించి పెంకు తీసినదానిని మరల వేడిచేసినను, లోపలి పచ్చసొన కొరికినప్పుడు నోటిలోనే ప్రేలవచ్చును. బిగుతుగా మూసిన డబ్బా యేదియు పెట్టరాదు. మూత వదులుగా నుంచి, తీయునప్పుడు మొగమునకు ఎదురుగాని ప్రక్కనుండి ఎత్తవలెను.

మన వంటిండ్లలో గిన్నెలన్నియు స్టీలువే గదా! పిల్లవాని క్యారియరు నట్లే లోపల పెట్టుట నేను చూచితిని. లోహము తరంగములను త్రిప్పికొట్టును. అన్నము చల్లగానే యుండును, మొనలవద్ద నిప్పురవ్వలును లేవవచ్చును. బంగారు అంచు పళ్లెములును, బిరియాని పొట్లము లోపలి వెండిరంగు కాగితమును అట్టివే. కర్రీపాయింటు కూరను ఆ ప్లాస్టికు కవరుతోనే పెట్టుటయు మంచిది కాదు. గాజు గిన్నె యొకటి, పింగాణీ పళ్లెమొకటి ఓవెనుకని ప్రత్యేకించినచో చాలును.

మిరపకాయలవద్ద మనవారికి ఒక తెలివి పుట్టినది. కారము కొట్టించుటకు ముందు ఎండలో పెట్టుటకు తీరిక లేక ఓవెనులో వేయుచున్నారు. నీరు మిక్కిలి తక్కువైన వస్తువు అందులో మాడవచ్చును, అంటుకొనవచ్చును; ఆ ఘాటుకు ఇల్లంతయు దగ్గుట తప్ప ఫలము లేదు. ఎప్పుడైన లోపల మంట కనబడినచో తలుపు తీయరాదు. మీట కట్టి ప్లగ్గు లాగినచో గాలి చాలక అదియే ఆరును. చెడిన ఓవెనును ఇంటిలో విప్పుట మరింత తప్పు. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటరులో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండును.

ఇన్ని చిక్కులుండగా పిల్లలను దానివద్దకు పోనీయకుండుటయే మేలని కొందరు తండ్రులు చెప్పుచున్నారు. చిన్నపిల్లల విషయమున అంగీకరించెదను. కాని పండ్రెండేండ్ల పిల్లవాడు ఒంటరిగా ఇల్లు చేరి ఆకలితో నుండగా, ఆ నిషేధము ఎన్ని దినములు నిలుచును? అమ్మ యెదుట నాలుగుమారులు చేయించి చూచుట కన్న వేరు మార్గము లేదు. తరంగముల పాఠము చెప్పు మా ఉపాధ్యాయులమును ఈ బాధ్యతనుండి తప్పించుకొనరాదు.

అందుచే ఈ యేడు నా తరగతికి మా యింటి ఓవెనును తెచ్చితిని. తిరుగుడు పళ్లెమును తీసివేసి, అప్పడములను కదలకుండ పరచి వేడిచేసితిమి. కొన్ని చోట్ల తెల్లగా పొంగినవి, వాని ప్రక్కనే పచ్చిగా నున్నవి. కొలబద్దతో కొలువగా పొంగిన మచ్చల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల దూరము వచ్చినది. అనగా తరంగపు నిడివిలో సగము. పళ్లెము తిరిగినను ఈ హెచ్చుతగ్గులు పూర్తిగా పోవనియు, కూరను నడుమ కలిపి, దించిన తరువాత రెండు నిమిషములు ఉంచవలెననియు చెప్పితిని. అప్పుడు వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "అయితే మా తమ్ముడి పాలసీసా అండీ?" అని యడిగినది. సీసా పైకి చల్లగా నున్నను లోపలి పాలు అక్కడక్కడ నోరు కాలునంత వేడిగా నుండవచ్చును గనుక దానిని ఓవెనులో పెట్టరాదనియు, వేడినీళ్ల గిన్నెలో నిలిపి, బాగుగా కదిపి, మణికట్టుమీద చుక్క వేసికొని చూచి పట్టవలెననియు చెప్పితిని. ఆ సాయంత్రమే అమ్మకు చెప్పెదనని ఆమె తన పుస్తకములో వ్రాసికొన్నది.