చైన్ సాగలేదు, అరిగింది

స్టార్ట్ చెయ్యగానే బానెట్ కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. రెండు సెకన్లు, అంతే, ఆగిపోయేది. సంక్రాంతి సెలవుల్లో మా మామయ్య కారులో మొదటిసారి విన్నాను. "చలికి అలా అంటుందిలేరా అల్లుడూ" అన్నాడు. వేసవి సెలవులకి వెళ్లేసరికి ఆ రెండు సెకన్లు పది అయ్యాయి. మేలో రాజమండ్రిలో చలేంటి మామయ్యా అంటే ఏం మాట్లాడలేదు.

ఆయనకి ఆ కారే అన్నం పెడుతుంది. ట్యాక్సీ. అందులో ఉన్నది 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజన్. ఫియట్ 2003లో తెచ్చిన 1248 సీసీ ఇంజన్ ఇది. మన దేశంలో మారుతి, టాటా, ఫియట్ మూడూ వాడాయి, 2020లో బీఎస్ 6 వచ్చేదాకా రోడ్ల మీద సగం డీజిల్ కార్లలో ఇదేనేమో అనిపించేది. మంచి ఇంజన్. నా గొడవ ఇంజన్‌తో కాదు, దానికి వైద్యం చేసే పద్ధతితో.

చెక్ ఇంజన్ లైట్ వెలిగితే మామయ్య ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాడు. వాళ్లు స్కానర్ పెట్టారు, పి0016 అని కోడ్ వచ్చింది, క్యామ్ సెన్సర్ మార్చేశారు. నాలుగు రోజులకి లైటు మళ్లీ వెలిగింది. ఈసారి క్రాంక్ సెన్సర్ మార్చారు. మళ్లీ వెలిగింది. మూడోసారి "ఇంజన్ మొత్తం దింపాలి" అన్నారు. అప్పటికే ఆయన బండి అమ్మితే ఎంతొస్తుందని స్టాండులో వాకబు మొదలెట్టాడు.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. పి0016 అంటే సెన్సర్ పాడైందని కాదు. క్రాంక్ చెప్పే స్థానానికీ క్యామ్ చెప్పే స్థానానికీ పొంతన కుదరడం లేదని. మొగుడూ పెళ్లాం చెరో మాట చెబుతుంటే ఇద్దరి నాలుకలూ మార్చేస్తారా? కారణం సెన్సర్ కావచ్చు, వైరింగ్ కావచ్చు, ఆ రెండు షాఫ్టుల్నీ కలిపే చైన్ కావచ్చు. ఏదో తేల్చాలంటే కొలవాలి. కొలవకుండా పార్టు మార్చడం అంటే కస్టమర్ జేబుతో జూదం ఆడటమే.

మామయ్యకి తెలిసిన ఒక షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రీకి అరవై దాటాయి. ఆయన ముందు స్కానర్ కూడా తియ్యలేదు. బయటి బెల్టు విప్పేసి ఇంజన్ కొద్ది సెకన్లు మాత్రం స్టార్ట్ చేశాడు. చప్పుడు అలాగే ఉంది. అంటే ఆల్టర్నేటర్, బెల్టు టెన్షనర్, ఏసీ కంప్రెసర్ ఇవేవీ కాదు, శబ్దం లోపలిదే. తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ మొన టైమింగ్ కవర్ మీద పెట్టి పిడి చెవికి ఆనించాడు. "చైనే బాబూ" అన్నాడు. పైసా ఖర్చు లేదు, పావుగంట పని.

మా ఈసీఈ ఫ్రెండ్ దగ్గర రెండు ఛానెళ్ల చిన్న ఆసిలోస్కోప్ ఉంది. దాన్ని పట్టుకెళ్లి క్రాంక్ సిగ్నల్, క్యామ్ సిగ్నల్ రెండూ ఒకే తెర మీద చూశాం. క్రాంక్ చక్రం మీద 60 పళ్ల చోట్లలో రెండు ఖాళీ, కాబట్టి ఒక్కో పన్ను 6 డిగ్రీలు. స్టాండులో అదే ఇంజన్ ఉన్న ఇంకో బండి, బాగా నడుస్తున్నది, దాంతో పోల్చాం. మామయ్య బండిలో క్యామ్ సిగ్నల్ ఒక పన్ను కంటే కాస్త ఎక్కువే ఆలస్యంగా వస్తోంది. మనకి వాల్వ్ టైమింగ్ డయాగ్రామ్ పది మార్కుల ప్రశ్న. ఆ డయాగ్రామ్ జరిగిపోవడం కళ్లారా చూడటం నాకు అదే మొదటిసారి.

మెకానిక్కులందరూ "చైన్ సాగింది" అంటారు. ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది, లిటరరీ క్లబ్ కాబట్టి ఇక్కడే చెబుతాను. ఉక్కు లింకులు రబ్బరులా సాగవు. లింకుల్ని కలిపే పిన్నులూ వాటి చుట్టూ ఉన్న రంధ్రాలూ అరుగుతాయి. పాత చైన్, కొత్త చైన్ పక్కపక్కన ఒకే మేకుకి తగిలిస్తే పాతది దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు కిందికి దిగింది. అంటే చుట్టు మొత్తం 7 మిల్లీమీటర్లు పెరిగింది. వంద జాయింట్లు అనుకుంటే ఒక్కోదాని వాటా 0.07 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం. లాగుడు పడే వైపు 3 మిల్లీమీటర్లు, క్యామ్ స్ప్రాకెట్ వ్యాసార్థం 50 అనుకుందాం. క్యామ్ మూడున్నర డిగ్రీలు వెనకబడుతుంది, క్రాంక్ లెక్కలో దానికి రెట్టింపు. తెర మీద చూసింది అదే.

"సాగింది" అంటే దానంతట అదే అయిపోయినట్టు ఉంటుంది. "అరిగింది" అంటే దేనివల్ల అని అడగాలి. డీజిల్ మసి ఆయిల్‌లో చేరి పిన్నుల మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఈ చైన్‌ని బిగుతుగా పట్టుకునే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, అందుకే ప్రెషర్ అందేలోపు ఆ గలగల. మామయ్య పదివేలకి మార్చాల్సిన ఆయిల్ ఇరవై వేలదాకా లాగేవాడు. అడిగితే "చైన్ బండి కదరా, జీవితకాలం గ్యారంటీ" అన్నాడు. టైమింగ్ బెల్టుకి ఇన్ని కిలోమీటర్లకి మార్చాలని రాసి ఉంటుంది, కాబట్టి భయపడి మారుస్తారు. చైన్‌కి ఆ గీత లేదు, కాబట్టి ఎవరూ చూడరు. నన్నడిగితే ఆ "జీవితకాలం" అనే మాటే సగం ఇంజన్లని చంపుతోంది. చైన్ పన్ను జారితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, అప్పుడు బిల్లు వేలల్లో ఆగదు.

చైన్ ఒక్కటే కొనుక్కొద్దామన్నాడు మామయ్య. మేస్త్రీ ఒప్పుకోలేదు. అరిగిన స్ప్రాకెట్ పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగానే అరుగుతుంది. పాత టెన్షనర్ ఉంచేస్తే మళ్లీ గలగలే. విజయవాడ ఆటోనగర్ నుంచి కిట్ మొత్తం తెప్పించాం: చైన్, రెండు స్ప్రాకెట్లు, టెన్షనర్, గైడ్లు. పని రెండు రోజులు పట్టింది. సంప్ దింపాలి, ముందు కవర్ విప్పాలి, క్రాంకునీ క్యామునీ పిన్నులతో లాక్ చెయ్యాలి. క్రాంక్ పుల్లీ బోల్టుది ఎడమ మర. అది తెలియక నేను విప్పుతున్నాననుకుంటూ బిగిస్తుంటే మేస్త్రీ చాలాసేపు ఏమీ అనకుండా టీ తాగాడు.

బిగించాక ఆయన వెంటనే తాళం తిప్పలేదు. స్పానర్‌తో ఇంజన్‌ని రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి, లాకింగ్ పిన్నులు మళ్లీ సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూశాడు. కూర్చున్నాయి. పిన్నులు తీసి, కవర్ మూసి, ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే మామయ్య బానెట్ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

మన ఐసీ ఇంజన్స్ ల్యాబ్‌లో కోసిపెట్టిన ఇంజన్ మోడల్ ఉంది, రంగులు బావుంటాయి. దాని పక్కన ఒక అరిగిన చైన్, ఒక కొత్త చైన్ తగిలించమని అడుగుతున్నాను. ఈసీఈ వాళ్ల ఆసిలోస్కోప్ సెమిస్టర్‌లో ఒక్క మధ్యాహ్నం మనకి ఇస్తే ఇంకా మేలు. పాత చైన్ ప్రస్తుతం నా హాస్టల్ రూమ్‌లో మేకుకి వేలాడుతోంది. చూడాలనుకున్నవాళ్లు రావచ్చు, తెల్ల చొక్కా మాత్రం వేసుకురాకండి.