ఫోనుకు ఇవతలి ప్రేక్షకుడు

ఈ నెల ఈ శీర్షికలో ఒక టెలివిజన్ ధారావాహిక గురించి వ్రాయవలసి వస్తుందని నేను అనుకోలేదు. కిందటి పూజా సెలవులకు మా అబ్బాయి బెంగుళూరు నుండి వచ్చాడు. విజయనగరం నుండి మా పెద్ద బావగారు కూడా వచ్చారు. ఆయన ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి నాలుగేళ్ళయింది. పగలు పందిళ్ళు, బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం, సాయంత్రం జూబిలీ పార్కు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం అందరూ హాలులో చేరి ‘జామ్‌తాడా’ రెండవ భాగం చూడటం ఆనవాయితీ అయింది. పక్క క్వార్టరులోని బెంగాలీ దంపతులు, మా విభాగంలోనే పనిచేసే ఒక మిత్రుడు కూడా వచ్చేవారు. ఆ మిత్రుని స్వగ్రామం జామ్‌తాడా జిల్లాలోనే ఉంది.

చూడని వారి కోసం రెండు మాటలు. దీని పూర్తి పేరు ‘జామ్‌తాడా: సబ్‌కా నంబర్ ఆయేగా’. హిందీలో ‘నంబర్ ఆయేగా’ అంటే ‘వంతు వస్తుంది’ అని. ఫోన్ నంబరును కూడా అందులో ఇమిడ్చి చమత్కరించారు. దర్శకుడు సౌమేంద్ర పాఢీ. నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి భాగం 2020 జనవరిలోను, రెండవ భాగం 2022 సెప్టెంబరులోను వచ్చాయి. మొదటిదానికి పది ఎపిసోడ్లు, రెండవదానికి ఎనిమిది. మన రాష్ట్రంలోని ఒక మారుమూల జిల్లాలో చదువు అంతంతమాత్రంగా ఉన్న కుర్రవాళ్ళు బ్యాంకు ఉద్యోగులమని చెప్పి ఎక్కడెక్కడి వారికో ఫోన్లు చేసి సొమ్ము కాజేయడం ఇందులోని కథ. పోలీసు సూపరింటెండెంటు డాలీ సాహుగా నటించిన అక్షా పార్ధసాని మన ‘కందిరీగ’ చిత్రంలో కనిపించిన అమ్మాయే. ఈ సంగతి చెప్పగానే మా శ్రీమతికి ధారావాహికపై శ్రద్ధ రెట్టింపయింది.

రెండవ భాగం గురించి మా హాలులో ఏకాభిప్రాయం కుదరలేదు. ‘మొదటి భాగంలో ఉన్న బిగువు ఇందులో లేదు. ఫోను పక్కకు పోయి ఎన్నికలు ముందుకు వచ్చాయి’ అని మా అబ్బాయి తీర్పు. స్థానిక నాయకుడు బ్రజేష్ భాన్‌కు ఎదురుగా గుడియా ఎన్నికల బరిలోకి దిగడం, సీమా పాహ్వా పాత్ర రావడంతో కథ మోసం నుండి రాజకీయంలోకి మళ్ళిన మాట నిజమే. బెంగాలీ వదినగారు ఒప్పుకోలేదు. గుడియా పాత్ర ధరించిన మోనికా పంవార్ కోసమే చూస్తున్నానన్నారు. నా మట్టుకు నాకు మా అబ్బాయి మాటలో సగమే న్యాయం కనిపించింది. మోసం ఎలా చేస్తారో మొదటి భాగమే చెప్పివేసింది. గుట్టు తెలిసిపోయిన గారడీని రెండవసారి చూపాలంటే గారడీవాని ఇంటి గొడవలు చూపడం తప్ప వేరే దారి లేదు. దూరదర్శన్‌లో ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ 1993లో వచ్చి, మళ్ళీ 1997లో రెండవ విడతగా వచ్చినప్పుడు ఆ చిక్కు లేదు. అక్కడ ఏ కథకు ఆ కథ, ఏ హంతకునికి ఆ హంతకుడు.

మా విభాగపు మిత్రుని అభిప్రాయం మరొక రకం. ఆయనకు రెండు భాగాల మీదా కోపమే. రైలులో ఎవరైనా ‘ఏ ఊరు?’ అని అడిగితే ‘ధన్‌బాద్ పక్కన’ అని చెబుతాడట. జామ్‌తాడా అంటే ఎదుటివారు ఫోను జేబులో పెట్టుకుంటారట. హాస్యంగానే చెప్పాడు గాని, ఆ మాటలో బాధ ఉంది. జామ్‌తాడా దాటి మధుపూర్ వైపు వెళితే విద్యాసాగర్ అనే స్టేషను వస్తుంది. దాని పాత పేరు కర్మాటాఁడ్. బెంగాలీ అక్షరాలు దిద్దే ప్రతి పిల్లవానికీ వాచకం వ్రాసి ఇచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన చివరి దశలో చాలా ఏళ్ళు అక్కడ ‘నందన్ కానన్’ అనే ఇంట్లో ఉండి, సంతాల్ గ్రామస్థులకు హోమియోపతి మందులు ఇచ్చేవారు. ఈమధ్య కాలంలో ఆ జిల్లా యంత్రాంగం పాతబడిన ప్రభుత్వ భవనాలను బాగుచేయించి గ్రామ పంచాయతీలలో గ్రంథాలయాలు తెరిపించింది. ‘వాటి మీద ఎవరైనా ధారావాహిక తీస్తారా?’ అని మా మిత్రుడు అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇక అసలు విషయం. రెండవ రాత్రి ఒక దృశ్యంలో కుర్రవాడు ఫోను చెవిన పెట్టుకుని అతి వినయంగా మాట్లాడుతుంటే, అవతలి మనిషి అడిగినవన్నీ చెప్పేస్తున్నాడు. హాలులో నవ్వులు. ‘ఇంత అమాయకులు కూడా ఉంటారా!’ అన్నాడు మా అబ్బాయి. నేనూ నవ్వాను. అంతవరకు ఒక్క అభిప్రాయమూ చెప్పని బావగారు మెల్లగా లేచి వరండాలోకి వెళ్ళారు. ఉక్కపోత వల్లనేమో అనుకున్నాము. ఎపిసోడ్ ముగిసినా రాకపోయేసరికి నేను వెళ్ళాను.

‘ఏం బావగారూ, నచ్చలేదా?’ అన్నాను.

ఆయన కొంతసేపు కార్ఖానా వైపు ఆకాశంలోని ఎర్రని వెలుగు చూస్తూ ఉండిపోయారు. ‘వాడు ఫోను పెట్టేశాక కథ వాడి వెంటే వెళ్ళిపోతోందయ్యా. ఇవతలివాడు ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో ఎవరూ చూపరు’ అన్నారు.

సంక్రాంతి వెళ్ళిన వారం, పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం దాఖలు చేసే రోజులలో, ఆయనకు ఒక ఫోను వచ్చిందట. చక్కని తెలుగు. ‘నమస్కారం మాస్టారూ’ అంటూ మొదలుపెట్టాడట. మీ పత్రం నమోదు కాలేదు, ఈ సాయంత్రంలోగా సరిచేయకపోతే పింఛను నిలిచిపోతుంది, మీరు ఇంత దూరం తిరగడమెందుకు, నేను ఇక్కడి నుండే చేసి పెడతాను అన్నాడు. ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. మన ఫోను తెర మీద కనిపించేదంతా అవతలివానికి కూడా కనిపించే యాప్ అది. ఆ తరువాత సందేశంగా వచ్చిన ఓటీపీని బావగారు నోటితో చెప్పనవసరం కూడా లేకపోయింది. మొదట 94,000 రూపాయలు పోయాయి. బ్యాంకుకు చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నారు. ఆ యాప్ ఫోనులోనే ఉండిపోయింది. మరునాడు ఉదయం మరో 52,000 పోయాయి.

‘ముప్పై మూడేళ్ళు “మాస్టారూ” అన్న పిలుపుకు పలికినవాణ్ణి. ఎవరో నా దగ్గర చదువుకున్న పిల్లవాడే అనుకున్నాను. పేరు అడగడం కూడా మర్యాద కాదనుకున్నాను’ అన్నారు.

తొమ్మిది నెలలు ఈ సంగతి మా అక్కకు కూడా చెప్పలేదు.

నేను ఇంజనీరును. యంత్రం దగ్గర ప్రమాదం జరిగినప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న ‘ఎవరి తప్పు?’ అని కాదు, ‘ఇంటర్‌లాక్ ఎందుకు పనిచేయలేదు?’ అని. అనుభవజ్ఞుడైన ఆపరేటరే ఒక్కోసారి ఇంటర్‌లాక్‌ను తప్పించి యంత్రం నడుపుతాడు. ఎందుకంటే షిఫ్టు అయ్యేలోగా పని పూర్తి చేయాలని పైనుండి తొందర ఉంటుంది. ఈ ఫోన్లవాళ్ళు మనలో పుట్టించేది కూడా ఆ తొందరే. ఈ సాయంత్రంలోగా, ఈ గంటలోగా అంటారు. ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ వీడియోలో ఖాకీ దుస్తులతో కనిపించేవాడు ఫోను పెట్టేయనివ్వడు, ఇంట్లోవారితో మాట్లాడనివ్వడు. అటువంటి అరెస్టు చట్టంలో లేనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో చెప్పవలసి వచ్చింది. మన విజిలెన్స్ వారోత్సవాల ఉపన్యాసాలలో ‘ఓటీపీ చెప్పవద్దు’ అని ఏటా వింటున్నాము. పోయిన తరువాత ఏమి చేయాలో చెప్పడానికి వచ్చేసరికి తేనీటి వేళ అవుతుంది.

పోయిన వెంటనే చేయవలసినది 1930 నంబరుకు ఫోను చేయడం, బ్యాంకుకు తెలియజేయడం. దొంగ సొమ్ము ఒక ఖాతా నుండి మరో ఖాతాకు వేగంగా మారుతూ ఉంటుంది. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఫిర్యాదు అందితే దానిని అక్కడే నిలిపివేసే అవకాశం ఉంది. ఇంకొకటి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడు తన రహస్య వివరాలు తానే ఇచ్చి పోగొట్టుకున్న సొమ్ము అతడు బ్యాంకుకు తెలియజేసే వరకు అతని నష్టమే. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. అంటే, బావగారు ఆ మొదటి సాయంత్రమే నోరు విప్పి ఉంటే మరునాటి 52,000 ఆయనకు దక్కేవే. ఆ మాట ఆయనతో అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఇక్కడ వ్రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకునే వ్రాస్తున్నాను.

మరునాడు ఉదయం మా అబ్బాయే ఆయన పక్కన కూర్చుని ఫిర్యాదు నమోదు చేయించాడు. బ్యాంకు కాగితాలు, తేదీలు, ఆ ఫోన్ నంబరు అన్నీ బావగారు ఒక పాత డైరీలో ఉపాధ్యాయుల దస్తూరితో వరుసగా వ్రాసి ఉంచుకున్నారు. ఎవరికీ చూపని డైరీని విజయనగరం నుండి ఇక్కడిదాకా సంచిలో మోసుకొచ్చారు. సొమ్ము ఇంకా రాలేదు. ఫిర్యాదు సంఖ్య వచ్చింది.

ఆ తరువాత ఆయనే మా అక్కకు ఫోను చేశారు. తలుపు వేసుకుని పావుగంట మాట్లాడి, ఫోను నా చేతికిచ్చారు. ‘రాత్రుళ్ళు లేచి కూర్చుంటుంటే ప్రోస్టేటు ఏమోనని రెండుసార్లు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళానురా. మందులు కూడా మింగారు’ అన్నది అక్క.

రెండవ భాగంలో చివరి ఎపిసోడ్ మేమింకా చూడలేదు.