రంగుకు వేరే ధర

కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని కోరినప్పుడు తెలుగు ఉపన్యాసకుడు సాధారణంగా భాషనో, సాహిత్యాన్నో, జాతీయ సమైక్యతనో ఆశ్రయిస్తాడు. నేనూ ఇంతవరకు అదే చేశాను. ఈ సంవత్సరం మాత్రం ఒక కారు రంగును గురించి వ్రాయదలచాను. సంపాదకవర్గం వారు మన్నింతురు గాక. విషయం అల్పంగా తోచవచ్చు గాని అది వెళ్ళి తగిలిన చోటు అల్పమైనది కాదు.

గత వేసవిలో మాకు ఒక చిన్న కారు కొనవలసిన అవసరం కలిగింది. అమ్మీజాన్ మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కి దిగలేకపోతున్నారు. అబ్బాజాన్‌ను, నా శ్రీమతిని వెంటబెట్టుకొని షోరూముకు వెళ్ళాను. అక్కడి యువకుడు ధరల కాగితం మా ముందు పరచి, తెల్లదానికి ఒక ధర చెప్పి, నా శ్రీమతి చూపు నిలిచిన నీలిరంగుకు మరి 8,000 రూపాయలు అవుతుందన్నాడు. అబ్బాజాన్ ఆ కాగితాన్ని కళ్ళజోడుకు దగ్గరగా పట్టుకొని చదివి, "అయితే తెలుపు రంగు కాదా, నాయనా?" అని అడిగారు. ఆ యువకుడు నవ్వాడే గాని బదులు చెప్పలేదు.

ఆ ప్రశ్న వెనుక ఒక తరం అనుభవం ఉన్నది. అబ్బాజాన్ యౌవనంలో స్కూటరు కావాలంటే ముందుగా సొమ్ము కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. లైసెన్సుల, పర్మిట్ల కాలమది. వంతు వచ్చిననాడు డీలరు ఏ రంగు బండిని బయటకు తెస్తే అదే మనకు నచ్చిన రంగు. ఎంపిక లేనప్పుడు ఎంపికకు ధర ఎక్కడిది?

అమెరికాలోనూ మొదట ఇంతే జరిగింది. హెన్రీ ఫోర్డు తన మోడల్ టి కారును 1914 నుండి 1925 వరకు ఒక్క నల్లరంగులోనే అమ్మాడు. నలుపు చవక, మన్నిక గలది, కర్మాగారంలో పని త్వరగా సాగడానికి అనువైనది. అతనికి పోటీగా నిలిచిన జనరల్ మోటార్స్ సంస్థ తన 1924 మోడల్ ఓక్‌లాండ్ కారుకు డ్యూపాంట్ వారి డ్యూకో అనే కొత్త పూతను నీలిరంగులో వేసి విపణిలోకి విడిచింది. అంతకుముందు రంగుపూతలు ఆరడానికి వారాలు పట్టేది. దీనికి గంటలు చాలినవి. 1927లో ఆ సంస్థ రూపానికీ, రంగుకూ ప్రత్యేకంగా ఒక విభాగాన్నే స్థాపించి హార్లీ ఎర్ల్ అనే వానిని అధిపతిని చేసింది. అదే సంవత్సరం మోడల్ టి ఉత్పత్తి నిలిచిపోయింది. రంగు ఒక్కటే దానిని ఓడించిందని నేను అనను. కాని బాగా నడిచే కారు ఇంటి ముందు ఉండగా మరొక కారు కొనాలన్న కోరిక పుట్టించడంలో రంగుకు ఎంతటి పాత్ర కలదో వ్యాపారులు ఆనాడే గ్రహించారు.

ఇంత దూరం పోనక్కరలేదు. రంగు వల్ల పేరు పొందిన వాహనం మన పాతబస్తీలోనే ఉన్నది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళిన విద్యార్థులెవరూ అక్కడి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను మరచిపోరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించి తెప్పించదలచారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు; కారు ఏడవ నిజాం కాలంలో నగరం చేరింది. పసుపు ఆసఫ్‌జాహీల పతాకం రంగు. వంశకర్తకు ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి ఇచ్చారనీ, ఆయన ఏడు తినగలిగారనీ, అందుచేత ఏడు తరాలు ఏలారనీ ఐతిహ్యం. ఆ కారు మీద రంగు యజమాని ముచ్చట కోసం వేసినది కాదు, ఆయన హోదాను చాటడానికి వేసినది. ఈ మాటను కొంచెం గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

మరి ఆ 8,000 రూపాయలకు మనకు దక్కేదేమిటి? తెలుసుకొనే పట్టుదలతో కొంత చదివాను, కొంతమందిని అడిగాను. కారు బాడీ మీద పూతలు వరుసగా నాలుగైదు ఉంటాయి. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ. తుప్పు పట్టకుండా కాపాడేది అన్నిటికన్నా అడుగున ఉన్న పూత. బాడీని తొట్టెలో ముంచి విద్యుత్తు సాయంతో దానిని పట్టిస్తారు. తెల్లకారుకైనా నీలికారుకైనా అది ఒక్కటే. మెటాలిక్ రంగులో మనం అదనంగా కొనేది సన్నని అల్యూమినియం రేకుల పొడి. ముత్యపు ఛాయ గల రంగులో అయితే అభ్రకం పొడి. (మన తెలుగునేల మీద గూడూరు ప్రాంతం అభ్రకం గనులకు పేరు పొందిందని భూగోళశాస్త్రం చదివినవారు ఎరుగుదురు.) అంటే ఆ సొమ్ము మెరుపుకే గాని మన్నికకు కాదు.

పైగా మన ఎండలకు తెలుపే మేలు. అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల వారు 2011లో వెండిరంగు కారును, నల్లకారును పక్కపక్కన ఎండలో ఉంచి చూడగా, వెండిరంగు కారు లోపలి గాలి అయిదారు డిగ్రీలు చల్లగా ఉన్నదట. మన ఏప్రిల్, మే నెలలలో అయిదారు డిగ్రీలంటే సామాన్యం కాదు. గీత పడితే దిద్దించుకోవడానికీ సాదా తెలుపే సులభం. మెటాలిక్ రంగులో ఆ రేకులు ఏ వాలున పడితే ఆ వాలున మెరుస్తాయి; కొత్త అతుకు పాతదానితో కలవడం కష్టం. "తెల్లది కొని తరువాత ఇష్టమైన రంగు వేయించుకుంటే పోదా?" అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. రిజిస్ట్రేషను పత్రంలో రంగు కూడా నమోదై ఉంటుంది. మార్చితే రవాణా కార్యాలయంలో ఆ మార్పును వ్రాయించుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగునైతే సైనిక వాహనాలకు తప్ప మరెవరికీ వేయరాదు.

ఇన్ని తెలిసి కూడా నేను నీలికారే కొన్నాను.

ఇందుకు నేను సిగ్గుపడటం లేదు. లాడ్‌బజారులో లక్కగాజులు కొనే స్త్రీని "గాజు గాజే గదా, రంగుకూ తళుకుకూ ఇంత ధర ఎందుకు?" అని అడిగేవాడు ఎవడు? కంటికి ఇంపైనది కోరుకోవడం దుబారా అని కొట్టివేస్తే మనం కవిత్వం కూడా బోధించనక్కరలేదు. నా శ్రీమతి పెళ్ళయిన పదేళ్ళలో తన కోసం అడిగిన వస్తువులు వేళ్ళమీద లెక్కించవచ్చు. అయితే ఒక నియమం పెట్టుకున్నాను. షోరూము యువకుడు "నెలకు 166 రూపాయలే సార్, వాయిదాలో కలిపేస్తాను" అన్నాడు. 9 శాతం వడ్డీకి 60 నెలలు లెక్కవేస్తే 8,000 కాస్తా దాదాపు 9,960 అవుతుంది. రంగు ధర బండి ధరలో చేరితే, శాతం చొప్పున కట్టే జీవితకాల పన్నూ ఆ మేరకు పెరుగుతుంది. అవసరానికి అప్పు చేయవచ్చు, ముచ్చటకు చేయరాదనుకున్నాను. ఆ 8,000 చేతి సొమ్ము ఇచ్చాను. నెల తిరగకుండానే మా గల్లీ మలుపులో గోడ తగిలి తలుపు మీద బారెడు గీత పడింది. పెయింటరు నా ఎదుటే మూడుసార్లు రంగు కలిపాడు. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం ఆ అతుకు కొంచెం ముదురుగా కనిపిస్తుంది, సాయంత్రానికి కలిసిపోతుంది.

అదే వారంలో మా మేనల్లుడి వెంట ఒక మోటారుసైకిళ్ళ షోరూముకు వెళ్ళాను. మా ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. కార్చోబ్ పని చేస్తారని మాటలలో తెలిసింది. కూతురి పెళ్ళి దగ్గరపడింది. నల్లబండికి సరిపడా సొమ్ము రుమాలులో కట్టి తెచ్చుకున్నారు. పెళ్ళికొడుకు మాత్రం మ్యాట్ నీలం కావాలన్నాడట. దానికి 4,000 ఎక్కువ. ఆ పెద్దమనిషి వియ్యాలవారి ఇంటికి ఫోను చేసి, తాను చెప్పలేక ఫోనును అమ్మకందారు చేతికి ఇచ్చారు. అవతల నుండి పెళ్ళికొడుకు స్వయంగా రంగు పేరు తప్పు లేకుండా ఇంగ్లీషులో చెప్పాడు. బాగా చదువుకున్నవాడే. మనవంటి ఏ కళాశాలలోనో చదివి ఉంటాడు.

విద్యార్థి మిత్రులారా, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ రెండూ నేరాలే. దానిని తప్పించుకోవడానికి మన సంఘంలో అందరూ ఎరిగిన ఒక మాట ఉన్నది: "మేము అడగలేదు, వారే సంతోషంగా ఇచ్చారు." జోడే కీ రఖమ్ విషయంలోనూ ఇదే మాట, బండి విషయంలోనూ ఇదే మాట. సరే, ఒప్పుకొందాము. సంతోషంగా ఇచ్చిన కానుకకు పుచ్చుకొనేవాడు రంగు నిర్ణయిస్తాడా? ఫలానా ఛాయ అని నోరు తెరిచిన క్షణంలోనే అది కానుక కాకుండా పోయింది. ఆ 4,000 రూపాయల కోసం ఆ ముసలి కళ్ళు ఎన్ని రాత్రులు జరీ దారం మీద వంగాలో ఆ యువకునికి తెలియదని నేను నమ్మలేను. మన ఇళ్ళలో సూదిపని చూడనివాడు ఎవడు? చౌమహల్లాలోని పసుపుకారు వలెనే ఈ నీలిబండి కూడా హోదా కోసమే. కాకపోతే నవాబుగారి హోదాకు ఖజానా ఉండేది.

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. మీరు ఈ పేటలో గౌరవం గలవారు. నిఖాలకు మిమ్ములను ముందుగా పిలుస్తారు. ఫంక్షన్ హాలు ద్వారం దగ్గర రిబ్బను కట్టిన బండి నిలబెట్టి ఉంటుంది. తాళం చేతులు మారే సమయంలో ఫోటోకు రమ్మంటారు. ఆ ఒక్క ఫోటోకు దయచేసి వెళ్ళకండి. మీరు లేని ఫోటోను వారు గోడకు తగిలించుకోరు. నేను కూడా ఇంతకుముందు రెండుసార్లు అటువంటి ఫోటోలలో నిలబడ్డాను. ఈ వ్యాసం వ్రాస్తున్నప్పుడు అవి గుర్తుకువచ్చి కలం ఆగింది.

ఆనాడు ఆ పెద్దమనిషి మిగిలిన 4,000 నెలాఖరుకు ఇవ్వవచ్చునా అని అడుగుతున్నారు. అమ్మకందారు లోపలికి వెళ్ళి అడిగి వస్తానన్నాడు. ఆయన ఏ బండికి సొమ్ము కట్టారో నేను చూడలేదు. ఇంతలో మా మేనల్లుని పిలిచారు. వాడు నల్లది తీసుకున్నాడు. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ము అది. బిల్లు కట్టేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.