పాట వెనుక కథ: పిజ్జా కొట్టు కుర్రాడు... అరువు తెచ్చుకున్న మాటలు!

థియేటర్లో టైటిల్స్ పడుతున్నప్పుడు మీరేం చేస్తారు? చీకట్లో సీటు వెతుక్కుంటారు. పక్కవాడి కాలు తొక్కి 'సారీ బ్రదర్' అంటారు. హీరో పేరు పడగానే ఓ ఈల వేస్తారు. అంతేగానీ 'పాటలు' అన్న మాట కింద ఎవరి పేరు పడిందో చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

ఈ వారం కథ చదివాక మాత్రం ఆ పేరు చదవకుండా ఉండలేరు. పందెం!

ఇవాళ ర్యాప్ అంటే తెలియని కుర్రకారు లేరు. హీరో ఎంట్రీకి ర్యాప్, విలన్ ఎంట్రీకి ర్యాప్, ఆఖరికి సబ్బు ప్రకటనక్కూడా ర్యాపే. కానీ ఈ ర్యాప్ అనేది రికార్డుకెక్కి, లక్షలాది ఇళ్ళల్లో మోగి, హిట్ పాటల పట్టికలో కూర్చున్నది 1979లో. ఆ పాట పేరు 'ర్యాపర్స్ డిలైట్'. పాడినవాళ్ళు షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ముగ్గురు కుర్రాళ్ళు. అమెరికాలోని న్యూయార్క్‌కి పక్కనే, నది దాటితే వచ్చే న్యూజెర్సీలో తయారైంది.

ఆ తయారైన తీరు ఉంది చూశారూ... సినిమా తీస్తే వంద రోజులు ఆడుతుంది!

అసలు ఎక్కడ మొదలైంది?

కథ అర్థం కావాలంటే ఓ ఆరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల పేట. అక్కడ సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనం. కూల్ హెర్క్ అనే కుర్రాడి చెల్లెలు అక్కడ ఓ పార్టీ పెట్టింది. బడులు తెరుస్తారు కదా, కొత్త బట్టలకి నాలుగు డబ్బులు కావాలి! జమైకాలో పుట్టిన ఆ అన్నగారు ఆ రాత్రి రికార్డులు వేశాడు.

అతను కనిపెట్టిన కిటుకు ఒకటుంది. పాటలో గాయకుడు ఆగిపోయి, డ్రమ్ములు మాత్రం గట్టిగా మోగే ముక్క ఉంటుందే... జనం ఎగిరి గంతులేసేది అక్కడే అని పట్టేశాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్ళీ అదే ముక్క మొదలెట్టేవాడు. అలా పది సెకన్ల దరువు పది నిమిషాలు సాగేది. ఆ దరువు మీద మైకు పట్టుకుని ప్రాస కలిపి, లయ తప్పకుండా మాటలు విసిరేవాళ్ళు వచ్చారు. అది పాటా కాదు, ఉత్త మాటా కాదు. ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఆరేళ్ళపాటు ఈ సంబరమంతా పార్కుల్లోనూ క్లబ్బుల్లోనూ నడిచింది. పార్టీల్లో రికార్డు చేసిన క్యాసెట్లు చేతులు మారేవి. కానీ దీన్ని రికార్డుగా తెద్దామని పెద్ద కంపెనీలేవీ అనుకోలేదు. ఆడేవాళ్ళకే ఆ ఆలోచన లేదు. ఎదురుగా జనం లేకుండా ఇదేమిటి అనుకునేవాళ్ళు!

అప్పుల్లో ఉన్న ఆవిడ

ఇప్పుడు కథలోకి ఓ నాయిక ప్రవేశిస్తుంది. పేరు సిల్వియా రాబిన్సన్. ఈవిడ సామాన్యురాలు కాదు. 1957లోనే మిక్కీ అనే గిటారిస్టుతో కలిసి 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' పాడి హిట్ కొట్టింది. మళ్ళీ 1973లో 'పిల్లో టాక్' అనే పాటతో అమెరికా పాప్ పట్టికలో 3వ స్థానానికి వెళ్ళింది. భర్త జో రాబిన్సన్‌తో కలిసి రికార్డు కంపెనీ నడిపింది. పాడటం తెలుసు, రాయడం తెలుసు, స్టూడియోలో కూర్చుని పాట తయారు చేయించడమూ తెలుసు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత అరుదో చెప్పనక్కర్లేదు.

కానీ 1979 నాటికి ఆవిడ కంపెనీ మునిగే స్థితిలో ఉంది. సరిగ్గా అప్పుడు హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో ఓ పార్టీకి వెళ్ళింది. వేదిక మీద ఒకడు రికార్డు మీద మాటలు విసురుతున్నాడు. కింద జనం ఊగిపోతున్నారు. వాడు అరవమంటే అరుస్తున్నారు, చేతులెత్తమంటే ఎత్తుతున్నారు. ఆవిడ బుర్రలో లైటు వెలిగింది. 'దీన్ని రికార్డు చేస్తే?'

షుగర్ హిల్ అని కొత్త కంపెనీ పేరు పెట్టారు. అది హార్లెమ్‌లో ఓ పేట పేరు. అంతా బాగానే ఉంది. మరి పాడేవాళ్ళేరీ?

కారులో జరిగిన పరీక్ష

తర్వాతి ఘట్టం వాళ్ళే ఎన్నోసార్లు చెప్పుకున్నది. ఎంగిల్‌వుడ్ ఊళ్ళో ఓ పిజ్జా కొట్టు. అందులో హెన్రీ జాక్సన్ అనే భారీకాయుడు పని చేస్తూ, టేపులో వస్తున్న ర్యాప్‌తో గొంతు కలుపుతుంటాడు. సిల్వియా కొడుకు అతన్ని బయటికి పిలిచాడు. పిండి అంటిన ఏప్రాన్‌తోనే వచ్చి కారెక్కి వినిపించాడు. ఇతనే బిగ్ బ్యాంక్ హ్యాంక్! ఆ వీధిలోనే ఇంకో కుర్రాడు 'నాకూ వచ్చు' అన్నాడు. అతను మాస్టర్ జీ, ఇంకా 17 ఏళ్ళు. మూడోవాడు 'నేనూ ఉన్నా' అన్నాడు. అతను వండర్ మైక్. ఎవర్ని ఎంచుకోవాలో తేలక సిల్వియా ముగ్గుర్నీ కలిపేసింది. అదీ షుగర్‌హిల్ గ్యాంగ్ పుట్టుక! అప్పటిదాకా వాళ్ళు ముగ్గురూ ఒక జట్టే కాదు.

ఇక బాణీ. ఆ వేసవిలో అమెరికా అంతా మోగుతున్న పాట షిక్ బృందం 'గుడ్ టైమ్స్'. నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కట్టిన పాట. ఆగస్టులో బిల్‌బోర్డ్ పట్టికలో 1వ స్థానం. అందులో ఎడ్వర్డ్స్ వాయించిన బేస్ గిటార్ వరుస వింటే కాళ్ళు ఆగవు. ర్యాప్ పార్టీల్లో అందరూ దాని మీదే మాటలు కడుతున్నారు. సిల్వియా ఆ వరుసనే తీసుకుంది. ఇప్పట్లా కంప్యూటర్లో ముక్క కోసి అతికించే రోజులు కావు. వాద్యగాళ్ళని కూర్చోబెట్టి అదే వరుసని మొదట్నించి చివరిదాకా మళ్ళీ వాయించింది. దాని మీద ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ పోయారు.

తేలిన నిడివి ఎంతో తెలుసా? 14 నిమిషాల 35 సెకన్లు! మామూలు పాట మూడు నాలుగు నిమిషాలుండే రోజుల్లో ఇదేం విడ్డూరం? 12 అంగుళాల రికార్డు మీద ఒక పక్కంతా అదే పాట. తర్వాత రేడియోల కోసం కుదించి చిన్న ప్రతులు కూడా వదిలారు.

పట్టిక ఏమంది?

1979 సెప్టెంబరులో విడుదల. మొదట మొహం చాటేసిన రేడియోలు, వినేవాళ్ళు అడగడం మొదలెట్టాక వేయక తప్పలేదు. అమెరికా సోల్ పాటల పట్టికలో 4వ స్థానం. 1980 జనవరికి బిల్‌బోర్డ్ హాట్ 100లో 36. ర్యాప్ పాట ఆ పట్టికలో మొదటి 40 లోపల చేరడం అదే మొదలు. బ్రిటన్‌లో ఏకంగా 3. కెనడాలో, నెదర్లాండ్స్‌లో 1!

'36వ స్థానమేనా? ఇంత హడావుడి దానికా?' అని మీరు నవ్వొచ్చు. ఆగండి. ఆ పట్టికలో అమ్మకాలొక్కటే కాదు, రేడియోలో ఎన్నిసార్లు వేశారన్నదీ లెక్కే. చిన్న కంపెనీ, పావుగంట పాట, ఎవరూ పేరు వినని ముగ్గురు కుర్రాళ్ళు! అలాంటిది ఆ మెట్టెక్కడమే గొప్ప.

అన్నట్టు, ర్యాప్‌తో వచ్చిన రికార్డు ఇదే మొదటిది అనుకునేరు. ఫ్యాట్‌బ్యాక్ బ్యాండ్ వారిది ఒకటి అదే ఏడాది కాస్త ముందే వచ్చింది. మొదట వచ్చింది అది. ప్రపంచానికి తెలిసింది ఇది.

మరి ఆ మాటలెవరివి?

ఇక్కడే అసలు ముడి ఉంది. హ్యాంక్ పాడిన మాటలు హ్యాంక్‌వి కావు!

బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే ర్యాపర్ ఉన్నాడు. తెల్లవార్లూ నోటుబుక్కులో ప్రాసలు రాసుకునే రకం. ఆ రోజుల్లో అతని వ్యవహారాలు చూసిపెట్టేది మన హ్యాంకే. పిజ్జా కొట్టులో టేపు పెట్టుకుని గొంతు కలిపింది కూడా క్యాజ్ మాటలతోనే. రికార్డు అవకాశం రాగానే హ్యాంక్ క్యాజ్ దగ్గరికి వెళ్ళాడు. క్యాజ్ నోటుబుక్కు చేతికిచ్చి, కావలసినవి తీసుకోమన్నాడు. రికార్డు గెలిస్తే తనకీ దారి దొరుకుతుందని ఆశపడ్డాడు.

హ్యాంక్ మాటలు తీసుకున్నాడు సరే, మార్చుకోవడం కూడా మరిచిపోయాడు! పాటలో ఒకచోట తనని తాను పరిచయం చేసుకుంటూ పేరుని అక్షరం అక్షరం విడదీసి చెబుతాడు. ఆ పేరు హ్యాంక్‌ది కాదు, క్యాజ్ వాడిన పాత పేరు! అంటే దొంగిలించిన సైకిలు మీద అసలు యజమాని పేరు అలాగే ఉన్నట్టు. అడిగి తెచ్చుకున్న సైకిలే అనుకోండి, మళ్ళీ ఇవ్వలేదంతే.

క్యాజ్ పేరు రికార్డు మీద పడలేదు. ఆ పాట మూలంగా తనకి డబ్బూ ముట్టలేదని ఆయన దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాడు.

మరి బాణీ కట్టినవాళ్ళో? నైల్ రోజర్స్ ఓ క్లబ్బులో ఉండగా తన పాట వరుస వినిపించింది. పైన ఎవరివో మాటలు! రికార్డు తీసి చూస్తే తన పేరు లేదు. కోర్టుకెక్కుతామన్నారు. రాజీ కుదిరింది. రోజర్స్, ఎడ్వర్డ్స్ పేర్లు రచయితలుగా ఎక్కాయి. తర్వాత్తర్వాత ఆ పాటని రోజర్స్ స్వయంగా మెచ్చుకున్నాడు కూడా.

తేడా గమనించారా? ఇద్దరి సొత్తూ వాడుకున్నారు. ఒకరి చేతిలో నంబర్ వన్ హిట్టు, కంపెనీ, లాయరు ఉన్నారు. రెండో అతని చేతిలో నోటుబుక్కు మాత్రమే ఉంది. అది కూడా స్నేహితుడికిచ్చేశాడు.

ఆ తర్వాత...

సిల్వియా అక్కడితో ఆగలేదు. 1982లో 'ది మెసేజ్' అనే పాట తెచ్చింది. పార్టీ కబుర్లు పక్కనపెట్టి పేదపేట కష్టాలు చెప్పిన పాట అది. 1980ల మధ్యకల్లా కంపెనీ మూతపడింది. ఆవిడ 2011లో కన్నుమూసింది. హ్యాంక్ 2014లో పోయాడు. వండర్ మైక్, మాస్టర్ జీలకైతే ఇంకో చిక్కు. తాము ఉన్న జట్టు పేరే తాము వాడుకోవడానికి వీల్లేక కోర్టుల చుట్టూ తిరిగారు. ఇతరుల పేరు రాని పాటలో, పాడినవాళ్ళ పేరూ వాళ్ళది కాకుండా పోయింది! అమెరికా వారి జాతీయ గ్రంథాలయం మాత్రం 2011 జాబితాలో ఆ రికార్డుని భద్రపరచవలసిన వాటిలో చేర్చింది.

ఏమాటకామాట చెప్పుకోవాలి. సిల్వియా లేకపోతే ఆ పాట లేదు. హ్యాంక్ గొంతులో హుషారు లేకపోతే అంత ఊపూ లేదు. కానీ ఆ ఊపు కింద ఓ కుర్రాడు తెల్లవార్లూ మేలుకుని రాసిన కాగితాలున్నాయి. వాటి ధర ఎవరూ కట్టలేదు.

మీలో పాటలు రాసేవాళ్ళూ, ఫోన్లో ర్యాప్ రికార్డు చేసుకునేవాళ్ళూ బోలెడంతమంది ఉంటారు. స్నేహం స్నేహమే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నోటుబుక్కు ఇవ్వండి, తప్పులేదు. కానీ ముందు దాని మీద మీ పేరూ, తేదీ రాసుకోండి. 'పాట నాది' అని ఇద్దరి మధ్య ఓ కాగితం ముక్క ఉండనివ్వండి.

ఇక ఈసారి థియేటర్లో టైటిల్స్ పడుతున్నప్పుడు... ఆ ఈల హీరోకి వేస్తే వేశారు గానీ, పాటలు రాసినవాడి పేరు పడినప్పుడూ ఓ చిన్న ఈల వేయండి. సీటు తర్వాత వెతుక్కోవచ్చు!

వచ్చేవారం మరో పాట, మరో కథ.